కంటికి కనిపించని నొప్పి
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగ సభలో జబ్బుల మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కాని ఈ వేడుకకు రావలసిన అక్కచెల్లెళ్ళు కొందరు ఒళ్ళునొప్పులతో ఇంటివద్దనే ఉండిపోయారు. వారి తరఫున నాలుగు మాటలు చెప్పదలచాము.

మూడు నెలలు దాటినా తగ్గని ఒళ్ళునొప్పులు, రాత్రంతా పడుకున్నా తీరని అలసట, మతిమరపు: ఇవి ఫైబ్రోమయాల్జియా లక్షణాలు. స్త్రీలలో ఎక్కువగా కనబడుతుంది. ఇది కీళ్ళవాతం కాదు, కీళ్ళు వంకరపోవు. రక్తపరీక్షలో గాని, ఎక్స్‌రేలో గాని ఏమీ తేలదు. అందుచేతనే ఇంట్లోవాళ్ళు “నీకేమీ లేదు, అంతా నీ మనసులోనే ఉంది” అంటారు. నొప్పికంటె ఆ మాటే ఎక్కువ బాధిస్తుంది. నిజానికి నొప్పిని గ్రహించే నాడీమండలం మితిమీరి స్పందించడమే ఈ జబ్బు. రేడియో గొంతు పెంచినట్లు చిన్న నొప్పి కూడా పెద్దదవుతుంది.

అమెరికాలోని కీళ్ళవైద్య నిపుణుల సంఘం 1990లో దీనికి ప్రమాణాలు ఏర్పరచింది. ఒంటిమీద 18 చోట్ల నొక్కి చూసి, 11 చోట్ల నొప్పి ఉంటే జబ్బు ఉన్నట్లు లెక్క. 2010లో ఆ పద్ధతి మార్చి, నొప్పి ఎంతమేర ఉంది, నిద్ర ఎట్లా పడుతోంది అని విచారించసాగారు. కాబట్టి డాక్టరుకు నిద్ర సంగతి కూడా తప్పక చెప్పాలి.

ఒమాన్‌లో మనకు మరొక చిక్కు ఉంది. ఇంత ఎండ కాసే దేశంలో ఉంటూ, ఆ ఎండకు భయపడి ఏ.సి. గదులలోనే కాలం గడుపుతాము. గల్ఫ్ దేశాలలో డి విటమిను లోపం సర్వసాధారణం. ఆ లోపం వల్లా, థైరాయిడ్ మందగించడం వల్లా కూడా ఇటువంటి నొప్పులే వస్తాయి. ముందుగా ఆ పరీక్షలు చేయించుకోవాలి.

ఇక మందులు. ప్రెగాబాలిన్, డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ కొందరికి మేలు చేస్తాయి, అందరికీ కాదు. మామూలు నొప్పి బిళ్ళలు దీనికి పెద్దగా పనిచేయవు. ఏళ్ళ తరబడి మింగితే కడుపు, మూత్రపిండాలు చెడే ప్రమాదం ఉంది. ఊరినుండి వచ్చేవారిచేత బిళ్ళలు తెప్పించుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ప్రెగాబాలిన్, ట్రమడాల్ వంటివాటిపై గల్ఫ్ దేశాలలో కట్టుదిట్టాలున్నాయి. డాక్టరు చీటీ లేకుండా తెస్తే, తెచ్చినవారు చిక్కుల్లో పడతారు.

నువ్వులనూనె మర్దన, వేన్నీళ్ళ స్నానం, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో ప్రారంభించిన అమృతాంజనం హాయినిస్తే వాడుకోవచ్చు. నఖల్, రుస్తాక్ వేడినీటి ఊటలకు వెళ్ళి కాళ్ళు తడుపుకొని రావచ్చు. కాని మన పల్లెలలో వాతలు పెట్టినట్లే ఇక్కడ ‘వస్మ్’ అని కాల్చే వాడుక ఉంది. దానితో పుండ్లు పడతాయి. 2008లో అమెరికాలో ఒక పరిశోధనలో, ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులను పరీక్షించగా, ఐదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనబడింది. ఏ మూలిక వాడినా డాక్టరు వద్ద దాచవద్దు.

యూరప్ కీళ్ళవైద్యుల సంఘం 2016లో పరిశోధనలన్నీ పరిశీలించి, గట్టిగా సిఫారసు చేసినది ఒక్క వ్యాయామాన్నే. యోగ, తాయ్‌చీ, ఆక్యుపంక్చర్, వేడినీటి చికిత్స, మందులు ఆ తరువాతివే. రోజుకు ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టి, మెల్లగా పెంచాలి. చలికాలంలో కురుమ్ సముద్రతీరం, వేసవిలో పెద్ద అంగళ్ళ వరండాలు ఉండనే ఉన్నాయి. తేలికగా ఉన్న రోజున వారం పనంతా ఒక్కసారే చేసి, మరునాడు మంచమెక్కడం మాత్రం కూడదు.

ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు మా విన్నపం ఒక్కటే. అమ్మగాని, అమ్మమ్మగాని “ఒళ్ళు సలుపుతోంది” అంటే ముందు నమ్మండి. ఆమె చేతిలోని పని అందుకోండి. సాయంత్రం ఆమెతో కలిసి నాలుగడుగులు నడవండి. తోడు ఉంటే నడక మానకుండా సాగుతుంది.