నికాలో వధువు మాట

నరసరావుపేటలోగాని, గురజాలలోగాని, మాచర్లలోగాని ముస్లిముల యింట పెండ్లి జరుగునపుడు ఒక ఘట్టము గమనింపదగినది. వరుడు పందిటిలో కూర్చుండగా, వకీలును ఇద్దరు సాక్షులును లోపలి గదికి పోయి, “ఫలానివారి కుమారునితో, ఇంత మహరుకు, ఈ నికా నీకు సమ్మతమేనా?” అని వధువు నడుగుదురు. ఆమె “కబూల్” అనిన పిదపనే పెండ్లి సాగును. ముసుగు చాటున వినీ వినబడని ఆ మాట వెనుక పదునాలుగు వందల యేండ్ల చరిత్ర గలదు.

మక్కాలో ఖదీజా పేరుగల వర్తకురాలుండెను. ఆమె సరకుతో సిరియాకు పోయివచ్చిన మహమ్మదు నిజాయితీని మెచ్చి, ఆమెయే పెండ్లిమాట పంపెను. అది సుమారు క్రీ.శ. 595వ సంవత్సరము. 619లో ఆమె మరణించువఱకు ఆయన మఱియొక భార్యను స్వీకరింపలేదు.

తరువాత మదీనాలో ఖన్సా యను స్త్రీని, ఆమెకు ఇష్టము లేకున్నను, తండ్రి యొకరికిచ్చి పెండ్లిచేసెను. ఆమె మొఱపెట్టుకొనగా ప్రవక్త ఆ పెండ్లిని రద్దుచేసెను. బానిసత్వమునుండి విముక్తి పొందిన బరీరా తన భర్త ముగీసును విడిచినది. అతడు కన్నీరు కార్చుచు ఆమె వెంట తిరుగుట చూచి, తిరిగి స్వీకరింపరాదా యని ప్రవక్త యడిగెను. “ఇది ఆజ్ఞయా?” అని ఆమె ప్రశ్న. కాదు, సిఫారసు మాత్రమే యని ఆయన జవాబు. ఆమె ఒప్పుకొనలేదు, ఆమె నెవరును నిర్బంధింపలేదు.

అంతమాత్రమున ఆనాడు స్త్రీపురుషులు సరిసమానులైరని చెప్పరాదు. పురుషునకు నలుగురు భార్యలవఱకు అనుమతి యుండెను. విడాకుల అధికారమును ముఖ్యముగ అతనిదే. అయినను స్త్రీ సమ్మతికి విలువ కలిగెను. మహరు తండ్రికి గాక వధువునకే చెందవలెనని ఖురాను నాల్గవ అధ్యాయము విధించినది.

నేడు మన యిండ్లలో జరుగుచున్నదేమి? 1961 నాటి వరకట్న నిషేధ చట్టము మహరును కట్నముగా పరిగణింపలేదు. ఏలయన మహరు వధువునకు వచ్చునది, కట్నము ఆమె పుట్టినింటినుండి పోవునది. కాని తెలుగునాట ఎన్నో ముస్లిము కుటుంబములలోను కట్నము రొక్కముగా చేతులు మారుచున్నది. మహరు కాగితముపైననే నిలిచిపోవుచున్నది. భర్త శవము ముందర భార్యను నిలిపి, మహరు మాఫీ చేయుమని యడుగు వాడుకయు కొన్నిచోట్ల గలదు. దుఃఖములో నున్న యామె కాదనగలదా?

పందిరి వేసి, బంధువులు కూడిన పిదప అడుగు ప్రశ్నకును ఒక్కటే జవాబు సాధ్యము. కావున తల్లిదండ్రులారా, ఆ ప్రశ్నను సంబంధము కుదుర్చుకొనక పూర్వమే, ఇంటిలో, నెమ్మదిగా అడుగుడు. కాదనుటకు వీలున్నపుడే “కబూల్” అను మాటకు అర్థము.