హాస్యనటుని గాంభీర్యము
(మహాసభయందలి ఉపన్యాసము)



ఇట్టి సభలయందు విద్యాదానమును గూర్చియు వసతిగృహములను గూర్చియు ప్రసంగించుట వాడుక. హాస్యనటుని గూర్చి మాటలాడుదుమని మేము తెలుపగా, సంస్కృతము చెప్పి విశ్రాంతి గైకొనిన వారికి ఇది తగునాయని కొందఱు మిత్రులు శంకించిరి. ఈ శంకకు భరతముని ఏనాడో సమాధానము చెప్పియున్నాడు. ఆయన హాస్యమును శృంగారవీరములతో పాటు రసముగా నంగీకరించి, స్మితము మొదలు అతిహసితము వఱకు దానిని ఆఱు విధములుగా విభజించెను. తేలికయని తలచిన వస్తువును ఎవ్వరును ఇంత శ్రద్ధతో విభజింపరు.

మేము స్మరింపదలచిన నటుడు ధర్మవరపు సుబ్రహ్మణ్యముగారు. ఆయన 1954 సెప్టెంబరు 20వ తేదీన అద్దంకి ప్రాంతపు పల్లెయందు జన్మించెను. దూరదర్శనునందు ప్రసారమైన 'ఆనందో బ్రహ్మ' యను హాస్యధారావాహిక ఆయన పేరును తెలుగిండ్లకు చేర్చెను. ఉపనిషత్తునందు పరమార్థమును తెలుపు మాటను నవ్వుల కథకు పేరుగా నుంచుట మావంటివారికి మొదట వింతగా తోచినది. కాని పగలెల్ల పనిచేసి యలసిన గృహస్థుడు ఆలుబిడ్డలతో కూర్చుండి నవ్వుకొను అరగడియయు ఆనందమే కదా! ఆ పేరు తప్పని మేమనజాలము.

చలనచిత్రములయందు ఆయన జంధ్యాలగారి 'జయమ్ము నిశ్చయమ్మురా' (1989) చిత్రముతో ప్రవేశించెను. 1997లో 'తోకలేని పిట్ట' యను చిత్రమునకు దర్శకత్వము వహించెను. 'నువ్వు నేను' (2001) చిత్రమున కళాశాలాధ్యాపకుడుగాను, 'ఒక్కడు' (2003) చిత్రమున పాస్‌పోర్టు కార్యాలయపు అధికారిగాను నటించి అశేషప్రజాదరమునకు పాత్రుడయ్యెను.

ఆయన విద్యయందలి విశేషమేమి? నాటకరంగమున నటుడు కడపటి వరుసలోనివానికి వినబడవలెను. కావున కంఠమును, అంగవిన్యాసమును పెంచును. దూరదర్శనపు పెట్టె యింటిలో చూచువానికి నాలుగు మూరల దూరముననే యుండును. అచ్చట కనుబొమ యొకింత కదలిన చాలును. మాట నొకింత సాగదీసిన చాలును. ఈ మితత్వమునే సుబ్రహ్మణ్యముగారు వెండితెరపైనను పాటించెను. తాను నవ్వక యితరులను నవ్వించుటను భరతుడు పరస్థహాస్యమనెను. ఆ లక్షణమునకు ఆయన ముఖమే లక్ష్యము. బట్టతలను, జాఱిన గౌరవమును సవరించుకొనుచు, తన పదవి మిక్కిలి గొప్పదని తాను మాత్రము నమ్మినవానివలె మెలగును. ఆ నమ్మకము ఎంత గట్టిదో చూచువారి నవ్వు అంత పెద్దది.

ఇచ్చట నొక యాక్షేపము కలదు. గురువును నవ్వులపాలు చేయు చిత్రములను చూచి బాలురు చెడుదురని మా వృత్తివారే పలుమాఱు వాపోవుదురు. నలువదేండ్ల సమీపము బల్ల ముందు నిలిచిన మేము ఈ యాక్షేపమును త్రోసిపుచ్చజాలము. ఇంటియందు గౌరవము నేర్వని బాలునకు తెర మఱియొక సాకు నిచ్చుట నిజమే. అయినను ఆయన పాత్రలను పరికించిన, నవ్వు పుట్టునది విద్యను చూచి కాదు, విద్య చాలని చోట దర్పమును కప్పుకొనుటను చూచి. ఎదుట ప్రజలు నిలిచియుండగా టెలిఫోనునందు గానవినోదమున మునిగిన అధికారిని చూచి నవ్వుట కార్యాలయమును అవమానించుట కాదు. ఆ కార్యాలయము ఎట్లుండవలెనో తెలిసియుండుటయే. సంస్కృతనాటకములయందు విదూషకుడు బ్రాహ్మణుడు. తిండిపోతనమును చూపి నవ్వించెను. దానివలన వేదమునకు లోపము కలుగలేదు. దర్పము లేని ఉపాధ్యాయుడు ఈ చిత్రములకు వెఱవ నక్కఱలేదు. ఉన్నవాడు చూచి సవరించుకొనవచ్చును.

సుబ్రహ్మణ్యముగారు రాష్ట్రసాంస్కృతికమండలికి అధ్యక్షత వహించెను. 2013 డిసెంబరు 7వ తేదీన, అఱువదియేండ్లు నిండకయే స్వర్గస్థుడయ్యెను.

సోదరులారా! మన సభలయందు న్యాయవాదికి, వైద్యునకు, దాతకు శాలువ కప్పుచున్నాము; అది యుచితమే. కాని మన పిల్లలలో నెవ్వడైన పెద్దల నడకను, పలుకును అనుకరించి నలుగురిని నవ్వించినచో, వానిని వెక్కిరింతగాడని దండించుచున్నాము. ఇకమీద దండించుటకు ముందు ఒక్క క్షణము వానిని చూడుడు. వాడు నవ్వుచున్నాడా, లేక తాను నవ్వక మనలను నవ్వించుచున్నాడా? రెండవవాడైనచో వానికొక విద్య యబ్బుచున్నది. దానిని చెఱుపక పోషింపుడని విన్నవించి, సెలవు గైకొనుచున్నాము.