మంచుదేశపు మనుషులు ముందు వరుసలో కూర్చున్నారు
(పల్లె గ్రంథాలయం వారి రాత్రి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రాత్రి మనం మాట్లాడుకోబోయేది మన ఊరి సంగతి కాదు. భూగోళం నెత్తిన, ఉత్తర ధ్రువం చుట్టూ బతికే జనం సంగతి. ‘మనకు చెరువు నీళ్ల తగాదా తెగలేదు, మంచు సంగతి దేనికి సారూ’ అని ఒక అన్న ఇందాక అడిగాడు. అడగాల్సిన మాటే. మన పత్తిచేలల్లో కొట్టిన మందుకూ ఆ మంచులో బిడ్డకు పాలిచ్చే తల్లికీ ఒక లంకె ఉంది. అది చివర్లో చెప్తాం. అందాకా ఓపిక పట్టండి.

మేం బడిలో చదువుకునేటప్పుడు పుస్తకంలో వాళ్ల పేరు ఎస్కిమోలు. మంచు ఇల్లు, తోలు బట్టలు, కుక్కల బండి, అంతే పాఠం. మేం టీచర్లమయ్యాక కూడా చాలా ఏళ్లు అదే పాఠం అప్పజెప్పాం, దాచుకోవడం దేనికి! ఎస్కిమో అన్నది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు, బయటివాళ్లు పెట్టింది. అలాస్కా నుంచి గ్రీన్‌లాండ్ దాకా ఉన్న జనంలో ఎక్కువమంది తమను ఇనుయిట్ అని చెప్పుకుంటారు. వాళ్ల భాషలో ఆ మాటకు అర్థం ‘మనుషులు’. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాల ఉత్తరపు కొసన రెయిన్‌డీర్ మందలు మేపుకునే సామీ జనాన్ని కూడా చాలాకాలం లాప్ అని పిలిచారు. సామీలకు అది తిట్టు కిందే లెక్క. ఊరు పెట్టిన పేరుతో బతకడం ఎట్లా ఉంటుందో ఈ సభలో మేం వివరించక్కర్లేదు.

పేరు మీద పెత్తనం ఎందాకా పోయిందంటే, 1940ల నుంచి కెనడా సర్కారు ఇనుయిట్‌లకు మనిషికో నంబరు వేసింది. చిన్న బిళ్ల మీద నంబరు చెక్కి ఇచ్చారు. వాళ్లకు ఇంటిపేర్లు లేవు, ఆఫీసర్లకు ఆ పేర్లు నోరు తిరగవు, అందుకని నంబరు. ఆస్పత్రిలో నంబరు, బడి రిజిస్టరులో నంబరు. చివరికి 1968 నుంచి అబ్రహాం ఓక్‌పిక్ అనే ఇనుయిట్ మనిషే ఊరూరా తిరిగి, ఇంటింటికీ పోయి, ‘మీరు ఏ ఇంటిపేరు పెట్టుకుంటారు’ అని అడిగి రాసుకున్నాడు. ఎంత దూరాలు! ఊరికీ ఊరికీ నడుమ వందల కిలోమీటర్ల మంచు.

ఇంక 1953 సంగతి వినండి. గ్రీన్‌లాండ్‌లో థూలే అనేచోట అమెరికావాళ్ల విమానాల స్థావరం ఉంది. దాని పక్కనున్న ఊరి జనాన్ని, వందకు పైగా మనుషుల్ని, కొద్దిరోజుల గడువిచ్చి లేపేశారు. వందకు పైగా కిలోమీటర్లు ఉత్తరానికి పొమ్మన్నారు. ఇళ్లు ఇంకా కట్టలేదు, గుడారాల్లో ఉండమన్నారు. అదే ఏడు కెనడాలో ఇనుక్జువాక్ ఊరి నుంచి కొన్ని కుటుంబాలను ఓడ ఎక్కించి, దాదాపు రెండువేల కిలోమీటర్లు ఉత్తరాన రిజొల్యూట్, గ్రీస్ ఫియోర్డ్ అనే చోట్ల దింపారు. అక్కడ వేట బాగుంటుందన్నారు, నచ్చకపోతే రెండేళ్లకు వెనక్కి తెస్తామన్నారు. తేలేదు. పోయినచోట చలికాలంలో నెలల తరబడి పొద్దు పొడవదు. తమ ఊళ్లో అట్లాంటి చీకటి వాళ్లు ఎరగరు. ఆ దీవులు కెనడావే అని లోకానికి చూపించడానికి మమ్మల్ని జెండా కర్రల్లాగా పాతారు అని వాళ్లు ఇప్పటికీ అంటారు. డెన్మార్క్ 1999లో క్షమాపణ చెప్పింది. కెనడా 2010లో చెప్పింది. వెళ్లిన పెద్దవాళ్లలో ఎంతమంది ఆ మాట వినడానికి మిగిలారు?

ఇంకో సంగతి. అలాస్కాకూ రష్యాకూ నడుమ సముద్రంలో డయోమీడ్ అని రెండు దీవులున్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెంటికీ మధ్య నాలుగు కిలోమీటర్లు, మన ఊరి నుంచి బస్సు స్టేజీ అంత. 1867లో రష్యా అలాస్కాను అమెరికాకు అమ్మినప్పుడు ఆ రెంటి మధ్య గీత గీశారు. గీత గీసినా చుట్టాలు చుట్టాలే కదా, పడవల్లో వచ్చిపోయేవాళ్లు. 1948లో సరిహద్దు మూసేశారు. రెండు పెద్ద రాజ్యాలు కొట్లాడుకుంటుంటే అక్కాచెల్లెళ్లు, మేనమామలు, మేనల్లుళ్లు విడిపోయారు. నలభై ఏళ్లు. 1988 జూన్‌లో అలాస్కాలోని నోమ్ ఊరి నుంచి ఒక్క విమానం రష్యా గట్టున ఉన్న ప్రొవిడేనియాకు పోయింది. అందులో యూపిక్ జనం ముసలివాళ్లు కొందరున్నారు. ఇంగ్లీషు నేర్పిన బడి ఒక పక్క, రష్యన్ నేర్పిన బడి ఇంకో పక్క. దిగాక వాళ్లు మాట్లాడుకున్నది మాత్రం తమ అమ్మల భాషలో. మరుసటేడు, ఆ జనం వీసా లేకుండా వచ్చిపోవచ్చని రెండు సర్కార్లూ ఒప్పందం రాసుకున్నాయి.

అంతర్జాతీయ సహకారం అని పేపర్లలో రాస్తారు. మంత్రులు చేతులు కలిపిన ఫొటో వేస్తారు. ఆర్కిటిక్‌లో అది మంత్రుల కంటే ముందు చుట్టరికంతో మొదలైంది. 1977లో అలాస్కాలోని బారో ఊళ్లో (ఇప్పుడు దాని సొంత పేరు ఉట్కియాగ్విక్ తిరిగొచ్చింది) అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్ ఇనుయిట్‌లు సభ పెట్టుకున్నారు. పిలిచినాయన పేరు ఎబెన్ హాప్సన్. ఆయన ఉత్త ఉపన్యాసాల మనిషి కాదు. వాళ్ల నేల కింద 1968లో పెద్ద చమురు నిక్షేపం బయటపడింది. కంపెనీలు దిగాయి. హాప్సన్, ఆయన తోటివాళ్లు 1972లో తమ ప్రాంతానికి ఒక స్థానిక ప్రభుత్వం ఏర్పాటు చేసుకున్నారు. మన జిల్లా పరిషత్ లాంటిది అనుకోండి, కాకపోతే దానికి కంపెనీల ఆస్తి మీద పన్ను వేసే అధికారం ఉంది. కంపెనీలు కోర్టుకెక్కాయి, అయినా అది నిలబడింది. ఆ పన్ను డబ్బుతో బళ్లు, నీళ్లు, ఆస్పత్రి సౌకర్యాలు. హాప్సన్ దానికి మొదటి మేయరు. ఆ బలం చేతిలో పెట్టుకునే ఆయన మిగతా దేశాల ఇనుయిట్‌లను పిలిచాడు. సముద్రానికి సరిహద్దు గోడ లేదు, ఒకచోట చమురు ఒలికితే అందరి వేటా పోతుందని ఆయన వాదన.

వాళ్ల ఊళ్లో తిమింగలం దొరికితే ఎట్లా పంచుతారో కూడా చెప్పాలి. పడవ యజమాని కుటుంబం దాన్ని అమ్ముకోదు. పట్టినవాళ్లకు, లాగినవాళ్లకు ఇంతింత అని వాటాలున్నాయి. ఊరందరికీ వడ్డిస్తారు, ముసలివాళ్లకు ఇంటికి పంపుతారు. జూన్ నెలలో పండుగ చేసి మిగిలింది పంచుతారు. దుకాణంలో సరుకు మండిపోయే ధర పలికేచోట ఈ పంపకమే జనాన్ని నిలబెడుతోంది.

1996 సెప్టెంబరులో ఒట్టావాలో ఆర్కిటిక్ కౌన్సిల్ పుట్టింది. ఎనిమిది దేశాలు: కెనడా, అమెరికా, రష్యా, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, డెన్మార్క్. వాటితోపాటు అదే బల్ల దగ్గర స్థానిక జాతుల సంఘాలకు శాశ్వత స్థానం ఇచ్చారు. మొదట మూడు, ఇప్పుడు ఆరు. గ్విచిన్ అనే జనం మొత్తం 9 వేల చిల్లర. వాళ్ల సంఘానికి ముందు వరుసలో కుర్చీ ఉంది. మన భారతదేశానికి 2013లో పరిశీలక హోదా వచ్చింది, చైనా, జపాన్‌లతో పాటే. పరిశీలకులు వెనక వరుస. 140 కోట్ల దేశం వెనక, 9 వేల జనం ముందు! ఇది విని మాకు భలే సంతోషం వేసింది.

కానీ తొందరపడి చప్పట్లు కొట్టకండి. ఆ ఆరు సంఘాలకు ఓటు లేదు. వాళ్లను తప్పనిసరిగా సంప్రదించాలి, తీర్మానం మాత్రం ఎనిమిది దేశాలదే. సభలకు పోవడానికి దారిఖర్చులు వెతుక్కోవాలి. ఇంకా ఘోరం రష్యాలో జరిగింది. అక్కడి ఉత్తరాది జాతుల ఉమ్మడి సంఘాన్ని 2012లో సర్కారు కొన్ని నెలలు మూయించింది. తెరిచాక నాయకత్వం మారింది. 2022లో యుక్రెయిన్ మీద యుద్ధం మొదలైనప్పుడు ఆ సంఘం పెద్దలు సర్కారును సమర్థిస్తూ ఉత్తరం రాశారు. ఒప్పుకోని కార్యకర్తలు దేశం విడిచి బయట వేరే వేదిక పెట్టుకున్నారు. కుర్చీ అదే, కూర్చున్నవాళ్లు ఎవరి మనుషులు? సంఘాలు నడిపేవాళ్లు ఇది మనసులో పెట్టుకోవాలి. ఆ ఏడు మార్చిలో మిగతా ఏడు దేశాలూ కౌన్సిల్ పని ఆపేశాయి. తర్వాత కొద్దికొద్దిగా మొదలుపెట్టారు. సామీ కౌన్సిల్ కూడా రష్యా వైపున్న సామీ సంఘాలతో లాంఛన సంబంధాలు ఆపుకోవాల్సి వచ్చింది. మళ్లీ చుట్టాల మధ్య గీత.

ఇప్పుడు పాల సంగతి. 1980లలో కెనడాలోని క్విబెక్‌లో పరిశోధకులు తల్లిపాలలో విషాలు ఎంతున్నాయో చూశారు. ఫ్యాక్టరీలు లేని ఉత్తరాది ఇనుయిట్ తల్లుల పాలు శుభ్రంగా ఉంటాయి, పోల్చుకోవడానికి పనికొస్తాయి అనుకున్నారు. తీరా చూస్తే వాళ్ల పాలలో పీసీబీలు అనే రసాయనాలు దక్షిణాది తల్లుల కంటే దాదాపు ఐదు రెట్లు. ఎట్లా పోయాయి? ఇవి వేడి దేశాల్లో ఆవిరై గాలిలో లేస్తాయి, చలి తగిలినచోట దిగుతాయి. మళ్లీ లేచి మళ్లీ దిగుతూ, మిడత గెంతినట్టు గెంతుతూ ధ్రువం చేరతాయి. అక్కడ నాచులోకి, నాచు నుంచి చేపలోకి, చేప నుంచి సీల్ కొవ్వులోకి. మెట్టు మెట్టుకూ చిక్కబడతాయి. ఆ సీల్‌ను తినేది మనిషి. పాలివ్వొద్దనడానికీ లేదు, సీల్ తినొద్దనడానికీ లేదు. వేరే తిండి ఏది?

ఇనుయిట్ సంఘం ఊరుకోలేదు. షీలా వాట్-క్లూటియే అనే ఆమె ఆ చర్చలకు పోయింది. 1999లో నైరోబీ సభలో తల్లీబిడ్డా ఉన్న చిన్న శిల్పాన్ని ఐక్యరాజ్యసమితి పర్యావరణ అధికారి చేతిలో పెట్టింది. బల్ల మీద ఆ బొమ్మ ఉండగానే బేరాలు నడిచాయి. మలేరియా దోమకు డీడీటీ తప్ప దిక్కులేని పేద దేశాల తల్లుల గోడు కూడా ఆమె కాదనలేదు, అది మాకు బాగా నచ్చింది. 2001లో స్టాక్‌హోం ఒప్పందం కుదిరింది. దాని పీఠికలోనే ఆర్కిటిక్ జనం ప్రస్తావన ఉంది. మొదట 12 రసాయనాలు, తర్వాత ఇంకొన్ని.

2011లో ఆ జాబితాలో చేర్చిన పేరు ఎండోసల్ఫాన్. మన దేశం అప్పట్లో దాన్ని పెద్దఎత్తున తయారుచేసేది, వాడేది. ఆ సభల్లో మన సర్కారు చాలాకాలం వద్దని అడ్డుపడింది, చివరికి కొన్ని పంటలకు మినహాయింపు పెట్టించుకుని ఒప్పుకుంది. అదే ఏడు మన సుప్రీంకోర్టు ఆపేయమంది. కేరళలో కాసర్‌గోడ్ జీడితోటల పక్కన పుట్టిన పిల్లల గతి అప్పటికే లోకానికి తెలుసు. ఆర్కిటిక్ గాలిలో ఎండోసల్ఫాన్ దొరికింది. ఏ చేను నుంచి లేచిందో ఎవరూ చెప్పలేరు.

ఆ పంపును వీపున వేసుకుని, మూతికి గుడ్డ కూడా లేకుండా, పత్తికి మందు కొట్టినవాళ్లు ఈ సభలో ఉన్నారు. మా అన్నదమ్ములూ కొట్టారు. మందు కలిపి, నీళ్లు మోసిన అక్కలూ ఉన్నారు. ఆ రోజుల్లో ఒంటికి ఏం జరిగిందో ఎవరూ రాసిపెట్టలేదు. ఈ పూట ఇద్దరు పిల్లలు నోటుబుక్కులు తెచ్చుకున్నారు, రాసుకుంటారు. మైకు అక్కల వైపు ఇవ్వండి.