పిల్లవాడికి ప్లీడరు



చీరాలలో ఒక తల్లి ఉందనుకుందాం. భర్త మగ్గం నేస్తాడు. ఆమె కండెలు చుడుతుంది. మిరపకాయల రోజుల్లో కోతకు పోతుంది. ఒకనాడు పొద్దుగూకి ఇంటికొచ్చేసరికి పదిహేనేళ్ల కొడుకు లేడు. సైకిలు దొంగతనం చేశాడని పోలీసులు తీసుకుపోయారట. పక్కింటావిడ చెప్పింది. ఆ తల్లి ఏం చేస్తుంది? చెవుల కమ్మలు తీస్తుంది. ప్లీడరుకు డబ్బు కావాలి కదా అని తాకట్టుకు పోతుంది.

ఆ కమ్మలు తియ్యక్కర్లేదు. పిల్లవాడికి ప్లీడరును ఊరికే పెట్టాలని చట్టమే ఉంది. అది 1987లో చేసిన న్యాయ సేవల చట్టం. 1995 నవంబరు 9 నుంచి అమలులో ఉంది. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయం ఎంతని చూడరు. చీరాల కోర్టులో మండల న్యాయ సేవాధికార సంస్థ ఉంది. అక్కడికి పోయి అడగాలి. కాగితం రాయటం రాకపోతే వాళ్లే రాసిపెడతారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. ఫీజు ఆ సంస్థే ఇస్తుంది. ప్లీడరు మళ్లీ తల్లిని అడగకూడదు.

ప్లీడరు లేకపోతే ఏమవుతుంది? అమెరికాలో అరిజోనా అనే రాష్ట్రం ఉంది. 1964లో అక్కడ జెరాల్డ్ గాల్ట్ అనే పదిహేనేళ్ల పిల్లవాణ్ణి పట్టుకున్నారు. ఫోనులో ఒకావిడతో అసహ్యంగా మాట్లాడాడని ఫిర్యాదు. తల్లిదండ్రులు పనికి పోయి ఉన్నారు. వాళ్లకు కబురు కూడా చెప్పలేదు. ప్లీడరు లేడు. ఫిర్యాదు చేసినావిడ కోర్టుకే రాలేదు. అయినా ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా బాల నేరస్తుల బడిలో ఉంచమన్నారు. ఆరేళ్లు! అదే తప్పు పెద్దవాళ్లు చేస్తే రెండు నెలల జైలు, లేదా యాభై డాలర్ల జరిమానా. అంతకు మించి లేదు. చివరికి 1967లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పిల్లలకు కూడా ప్లీడరు ఉండాలంది.

మన దేశంలో ఇప్పుడు నడిచేది 2015లో చేసిన బాలల న్యాయ చట్టం. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను లాకప్‌లో పెట్టకూడదు. జైల్లోనూ పెట్టకూడదు. ఇరవై నాలుగు గంటల్లో పిల్లల బోర్డు ముందుకు తేవాలి. దారి ప్రయాణం ఆ లెక్కలో రాదు. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా ఆడమనిషి ఉండాలి. మామూలుగా బెయిలు ఇవ్వాల్సిందే. బయటికి పంపితే చెడ్డవాళ్ల చేతిలో పడతాడనో, ప్రమాదమనో తోస్తే బోర్డు కాదనవచ్చు. అలా కాదంటే కారణం రాయాలి. ఇవన్నీ అడిగి సాధించేది ప్లీడరే.

"ఒప్పుకోరా, రేపే వదిలేస్తారు" అని చెప్పేవాళ్లు కోర్టు గుమ్మం దగ్గర చాలామంది ఉంటారు. ఆ మాట వినకూడదు. సైకిలు వాడే తీశాడో, పక్కవాడు తీశాడో ముందు ప్లీడరుకు చెప్పాలి.

ఇంకొకటి, వయసు. దీని దగ్గరే చాలామంది దెబ్బతింటారు. బోర్డు మొదట చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ కాగితం. అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన పత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు ఉజ్జాయింపుగా తేదీ రాసిన రోజులు ఉన్నాయి. రెండేళ్లు ఎక్కువ పడితే పదహారేళ్లవాడు పద్దెనిమిదేళ్లవాడైపోతాడు. పెద్దవాళ్ల కోర్టుకు, పెద్దవాళ్ల జైలుకు పోతాడు. అందుకే పిల్లల పుట్టినతేదీ కాగితం ఇప్పుడే తీసి చదువుకోవాలి. అది రేషను కార్డుతోపాటు పెట్టెలో ఉండాలి.

ప్లీడరును పెట్టుకునే కాగితాన్ని వకాల్తా అంటారు. దాని మీద పిల్లవాడి పేరు, ప్లీడరు పేరు ఉన్నాయా అని కూడబలుక్కుని చదవాలి. అర్థంకాని మాట ఉంటే ప్లీడరుగారినే అడగాలి. ఖాళీ కాగితమైతే సంతకం పెట్టకూడదు. వేలిముద్ర అసలే వద్దు.