ఏలుబడి యెవరిది?

(నంద్యాల, ఆళ్లగడ్డ సభలలో గావించిన యుపన్యాస పాఠము)



ఇస్లామునకును ప్రజాస్వామ్యమునకును పొత్తు కుదురునా యను ప్రశ్న నేడు లోకమంతట వినవచ్చుచున్నది. సమాధానమునకై మనము దూరదేశములకు పోనక్కరలేదు. కృష్ణకు ఆవలి యొడ్డున 1948 వరకు నిజాము రాజ్యముండెను. ఈవలి యొడ్డున, నేటి నంద్యాల జిల్లాలోనే, బనగానపల్లె నవాబు సంస్థానముండెను. రెండింటను పాలకులు ముస్లిములు. ప్రజలలో అధికసంఖ్యాకులు హిందువులు. బనగానపల్లె 1948 ఫిబ్రవరిలో శాంతముగా మద్రాసు రాష్ట్రమున గలిసెను. హైదరాబాదు సెప్టెంబరులో భారత సైన్యము ప్రవేశించిన పిమ్మటగాని కలియలేదు. మతమే కారణమైనచో ఈ భేదమేల కలిగెను? బనగానపల్లె చిన్నది, ఎదిరించు బలము దానికి లేదనుట నిజమే. కాని హైదరాబాదున బలముతోపాటు ఒక సిద్ధాంతము కూడ నుండెను.

ఆ సిద్ధాంతము పేరు 'అనల్ మాలిక్'; 'నేనే ప్రభువును' అని దాని యర్థము. 1927లో పుట్టిన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ సంస్థకు నాయకుడైన బహదూర్ యార్ జంగ్ దీనిని ప్రచారము చేసెను. రాజ్యమందలి సార్వభౌమత్వము ముస్లిము సంఘమునది, నిజాము దానికి చిహ్నము మాత్రమే, కావున ప్రతి ముస్లిమును పాలకుడే యని దాని భావము. నూటికి ఎనుబదిమందికి పైగా ఇతరులు గల రాజ్యమున నిట్టి వాదము ప్రబలెను. 1939 నాటి సంస్కరణల ప్రణాళికలో హిందువులకును ముస్లిములకును సమాన స్థానములు చూపబడెను. 1944లో బహదూర్ యార్ జంగ్ మరణించెను. 1946లో కాసిం రజ్వీ నాయకుడయ్యెను. ఆ పిమ్మట రజాకారులు పల్లెలపై బడి చేసిన దారుణములు మన పెద్దలు చెప్పగా విన్నవే. ఇక హైదరాబాదు వీధులలోని ముస్లిము కూలివానికి దక్కినదేమి? రాజ్యము నీదేయని చెప్పిరి. అతని యాకలి తీర్పలేదు. రాజును మార్చు హక్కు నీయలేదు.

రెండవ సిద్ధాంతము మరింత గంభీరమైనది. దానిని రచించిన అబుల్ ఆలా మౌదూది 1903లో ఆనాటి నిజాము రాజ్యమందలి ఔరంగాబాదున జన్మించెను. 1941లో లాహోరున జమాతె ఇస్లామీని స్థాపించెను. సార్వభౌమత్వము దైవమునకే చెందును, మానవులు ఆయన ప్రతినిధులు మాత్రమే, దైవశాసనమును మార్చుటకు ఏ శాసనసభకును అధికారము లేదని ఆయన మతము. దీనికి 'దైవ ప్రజాస్వామ్య'మని పేరిడెను. ఏ రాజును నిరంకుశుడు కారాదనుట ఇందలి మంచి. అయితే దైవాజ్ఞ యిదియని నిర్ణయించువాడెవడు? నిర్ణయించువాడు మనుష్యుడే గదా! అతడు పొరబడినచో ప్రజలు అతనిని తొలగింపగలరా? ఆ మతమున చేరనివానికి ఆ నిర్ణయమున భాగముండునా? ఈ రెండు ప్రశ్నలయొద్దనే ఆ వాదమునకు చిక్కు వచ్చుచున్నది.

ఈ వాదములను మొదట ఎదిరించినవారిలో ముస్లిములే యుండిరని మరువరాదు. దేవబందు పండితుడు హుసేన్ అహమ్మద్ మదనీ, మదీనాలో యూదులతో ప్రవక్త చేసికొనిన యొడంబడికను ఆధారముగా జూపి, భిన్న మతములవారు ఒకే జాతిగా నుండవచ్చునని 1938లో వాదించెను. హైదరాబాదున 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకారులను ఖండించుచు వ్రాసెను. 1948 ఆగస్టులో దుండగులు ఆయనను హత్యచేసి, వ్రాసిన చేతిని నరికిరి. ఆయన ఇస్లామును విడువలేదు, ప్రజల పక్షమును విడువలేదు.

తరువాతి చరిత్ర మరింత యుపదేశకరము. భారతదేశమున మిగిలిన జమాతె ఇస్లామీ తొలి దశాబ్దములలో తన సభ్యులను వోటు వేయనీయలేదు. 1975 నాటి అత్యవసర పరిస్థితిలో ఆ సంస్థయే నిషేధింపబడెను. స్వేచ్ఛ లేని రాజ్యమెట్లుండునో అనుభవమున దెలిసెను. 1980ల నాటికి వోటుపై నిషేధము సడలిపోయెను. 'నేనే ప్రభువును' అనిన మజ్లిస్ సైతము పునరుద్ధరింపబడిన పిమ్మట రాజ్యాంగమునకు లోబడి ఇంటింటికి దిరిగి వోటు అడుగుచున్నది. తర్కము చేయలేని పనిని వోటుపెట్టె చేసినది.

1909 శాసనమువలన వచ్చిన ప్రత్యేక నియోజకవర్గములలో ముస్లిము అభ్యర్థి హిందువును వోటు అడుగ నవసరము లేకుండెను. మన రాజ్యాంగపు 325వ అధికరణము అందరికి ఒకే వోటర్ల పట్టిక నేర్పరచినది. అట్టి పట్టికతోనే నంద్యాల 1977లో సంజీవరెడ్డిగారిని, 1991లో పి.వి. నరసింహారావుగారిని లోక్‌సభకు బంపెను. 2024లో అదే విధమున ఎన్.ఎం.డి. ఫరూక్‌గారిని శాసనసభకు బంపగా ఆయన మంత్రియయ్యెను. ఆ వోట్లలో ఏది యే మతమువానిదో ఎవరును చెప్పజాలరు. ఇదియే దాని గొప్పతనము.

సోదరులారా! ఈ కొలతను పరులకే పట్టి మనము తప్పించుకొనరాదు. ఒక మతమున బుట్టినవారే ఈ దేశమునకు యజమానులు, తక్కినవారు అణగియుండవలెనని ఏ నోట వినబడినను, అది వేషము మార్చిన 'అనల్ మాలిక్' వాదమేయని గుర్తింపుడు. అహోబిలేశుని గొలుచువానికిని, నమాజు చేయువానికిని వోటొక్కటే, దాని విలువయు నొక్కటే. ఆ సమానత్వమును కాపాడుట మనయందరి ధర్మము.