దీపము మనది, నూనెయు మనదే

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున సంఘ పెద్దల కూటమునందు చేసిన ప్రసంగ పాఠము)



పులిగడ్డ వద్ద కృష్ణమ్మ రెండు పాయలుగా చీలుచున్నది. ఆ పాయల నడుమ, సముద్రమునకు ఎగువనున్న మన దివిసీమ నిజముగా ఒక ద్వీపమే. దానికిని దిగువన ఎదురుమొండి వంటి చిన్న లంకలున్నవి. గాలివాన వచ్చి స్తంభములు కూలినచో అన్నిటికంటె ఆలస్యముగా వెలుగు చేరునది అట్టి చోట్లకే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను నేను చూచినవాడను కాను. అయితే మా సంఘపు తల్లులు ఆ రాత్రి మాట వచ్చినప్పుడు, గాలికంటె చీకటినే ఎక్కువగా తలంచుకొందురు.

నేను పూర్వము పనిచేసిన ఒక లంక సంఘమునకు దాతలు సౌర దీపములను ఇచ్చిరి. ప్రార్థన చేసి, కొబ్బరికాయ నీళ్లు పంచి ప్రారంభించితిమి. బ్యాటరీలలో అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోయవలెనని చెప్పిరి. ఎవరు పోయవలెనో మేము నిర్ణయించలేదు. మూడవ వర్షాకాలమునకు దీపములారిపోయినవి. తప్పు దాతలది కాదు, సూర్యునిది కాదు. కాపరినైన నాదియు, మా కమిటీదియు.

స్కాట్లండు పడమటి తీరమున ఎగ్ అను చిన్న ద్వీపమున్నది. అక్కడ సుమారు నూరుమంది కాపురముందురు. 1997లో వారు ఇతరుల సహాయముతో తమ ద్వీపమును తామే కొనుక్కొనిరి. 2008 వరకు చాలమట్టుకు ఎవరి డీజిల్ ఇంజను వారిదే. 2008 ఫిబ్రవరిలో వాగు నీటిని, గాలిని, ఎండను కలిపి తమ సొంత విద్యుత్తును ప్రారంభించిరి. వారి యంత్రముల కంటె వారి కట్టుబాటు గొప్పది. ఏ ఇల్లైనను ఒక్కసారి 5 కిలోవాట్లకు మించి వాడరాదు. ధనికుడైనను అంతే, పేదవాడైనను అంతే. గాలి, నీరు తగ్గిన దినములలో అందరును వాడకము తగ్గించుకొందురు.

అది దూరదేశపు మాట అందురేమో. మన బంగాళాఖాతపు ఒడ్డుననే, గంగ ముఖద్వారమునందలి సాగర్ ద్వీపములో, కమల్‌పూర్ గ్రామమున 1996లోనే సౌర విద్యుత్ కేంద్రము వెలసినది. సాయంకాలము కొన్ని గంటలు ఇండ్లకు, దుకాణములకు వెలుగు వచ్చెను. దాని నిర్వహణలో గ్రామస్థుల సహకార సంఘమునకు పాలుండెను.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ఇండ్ల కప్పులపై సౌర ఫలకములకు సహాయ పథకము తెచ్చినది. 3 కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు సబ్సిడీ ఇచ్చుచున్నారు. మంచిదే. అయితే ఒక సంగతి గమనించుడి. బ్యాటరీ లేక, లైనుకు మాత్రమే కలిపిన ఫలకములు, కరెంటు పోగానే తామును ఆగిపోవును. లైనుమీద పనిచేయువారి ప్రాణరక్షణ కొరకు అట్లు ఏర్పరచిరి. కనుక తుఫాను రాత్రి మనకు కావలసినది బిల్లు తగ్గించు ఫలకము మాత్రమే కాదు, బ్యాటరీ కూడ.

కాబట్టి నా మనవి ఇది. తీరమునకు దగ్గరగా పక్కా గుడి యున్న ప్రతి సంఘము ఒక గదికైనను బ్యాటరీతో కూడిన సౌర విద్యుత్తు పెట్టుకొనవలెను. పెట్టుటకు ముందే నెలనెలా ఎత్తవలసిన చందాను నిర్ణయించవలెను. బ్యాటరీకి ఆయుష్షు కొన్ని ఏండ్లే గనుక ఆ సొమ్మును మరి దేనికిని ముట్టరాదు. ఒక యువకునికి, ఒక యువతికి పని నేర్పి, పుస్తకములో లెక్క వ్రాయించవలెను. తుఫాను నాడు ఆ వెలుగు ఊరందరిది. తలుపు తట్టినవానిని ఏ మతస్థుడవని అడుగరాదు.

పదిమంది కన్యకల ఉపమానము మనమెరుగుదుము. పదిమంది చేతులలోను దివిటీలున్నవి. అయిదుగురియొద్ద నూనె లేదు. నూరేండ్లుగా మనకు దివిటీలిచ్చినవారు అనేకులు. రాబోవు నూరేండ్లకు నూనె మనమే సిద్ధపరచుకొందుము గాక. ఆమేన్.