పైపు వేస్తే విషం పోదు, ఊరు మారుతది

(ఇస్నాపూర్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పైపులైన్ అంటే అభివృద్ధి అని మనకు చెప్తరు. నూనె పైపు కావచ్చు, గ్యాసు పైపు కావచ్చు, మురుగు పైపు కావచ్చు. ప్రతి పైపుకు రెండు కొసలుంటయి. ఈ కొసన లాభం ఎవరికి, ఆ కొసన నష్టం ఎవరికి? ఈ ప్రశ్న అడగకపోతే మోసపోయేది మనమే. పటాన్‌చెరు నుంచి పోయిన వ్యర్థజలాల పైపు మనకు పెద్ద పాఠం.

1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చినయి. మందులు, రసాయనాలు తయారైనయి. ఆ మురుగు వాగులల్ల పడి నక్కవాగుకు, నక్కవాగు నుంచి మంజీరకు పోయింది. బావులు చెడినయి, పొలాలు పాడైనయి. 1990లోనే కేసు సుప్రీంకోర్టుకు పోయింది. డాక్టర్ కిషన్‌రావు లాంటి వాళ్లు ఏండ్ల తరబడి కొట్లాడిన్రు. రైతులకు పరిహారం, ఊర్లకు తాగునీళ్లు వచ్చినయంటే కోర్టు చెప్తే వచ్చినయి గని సర్కారుకు దయ పుట్టి కాదు.

మురుగు శుద్ధికి పటాన్‌చెరులో ఉమ్మడి కేంద్రం పెట్టిన్రు. అక్కడ ఏం శుద్ధి అయిందో చెప్పింది స్వీడన్ శాస్త్రవేత్తలు. 90 దాకా మందుల కంపెనీల మురుగు వచ్చే ఆ కేంద్రం నుంచి, శుద్ధి అయిందని బయటికి వదిలిన నీళ్లను వాళ్లు పరీక్షించి 2007లో లెక్క బయటపెట్టిన్రు. లీటరు నీళ్లల్ల 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నది. రోజుకు 45 కిలోలన్నట్టు. స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడే మందు ఇక్కడ ఒక్క రోజులో వాగు పాలు! అసొంటి నీళ్లల్ల మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతయి. రేపు మన పిల్లలకు రోగమొస్తే అదే గోళీ పనిచేయకుండ పోతది.

దీనికి పాలకులు కనిపెట్టిన ఉపాయం ఏంది? 18 కిలోమీటర్ల పైపు. పటాన్‌చెరు నీళ్లను హైదరాబాద్ మురుగులో కలిపి అంబర్‌పేట కేంద్రానికి, అక్కడి నుంచి మూసీకి పంపుడు. అంబర్‌పేట కేంద్రం కట్టింది ఇండ్ల మురుగు కోసం, మందుల ఫ్యాక్టరీల రసాయనాల కోసం కాదు.

ఒక్కసారి పటం చూడున్రి. మంజీర పోయి గోదావరిల కలుస్తది. మూసీ పోయి కృష్ణల కలుస్తది. అంటే గోదావరి దిక్కు పోయే విషాన్ని కృష్ణ దిక్కు తిప్పిన్రు. మెదక్ రైతు గోసను నల్లగొండ రైతు నెత్తిన పెట్టిన్రు. మూసీ నీళ్లతోని వరి పండుతది, పశువులకు గడ్డి పెరుగుతది. ఆ పాలు, ఆ కూరగాయలు మళ్లా పట్నానికే వస్తయి.

ఇందులో ఆర్థికం కూడ ఉన్నది. మురుగును ఫ్యాక్టరీల్నే శుద్ధి చేస్తే ఖర్చు యజమానిది. పైపుల పోస్తే ఖర్చు పంట పోయిన రైతుది, దవాఖానకు తిరిగే కూలోనిది, పన్ను కట్టే మనందరిది. లాభం మాత్రం కంపెనీది. భూములిచ్చిన ఊర్ల పిల్లలకేమో కాంట్రాక్టు కూలి.

ఇంకో సంగతి. భూమిల ఉన్న పైపు కంటికి కనబడదు. 2014 జూన్ 27న కోనసీమ నగరం గ్రామంల గెయిల్ గ్యాసు పైపు పగిలి 20 మందికి పైగా చనిపోయిన్రు. పైపుల ఏం పోతున్నదో, ఎప్పుడు తనిఖీ చేసిన్రో పక్కనున్న ఊరికి తెలువాలె.

పైపు వేసింది ఉమ్మడి రాష్ట్రంల. 2014 నుంచి మన రాష్ట్రం మనకున్నది. ఇగ వేరేటోళ్ల మీద నెపం పెడితే నడవదు. ఫ్యాక్టరీ మురుగు ఫ్యాక్టరీ గేటు దాటకముందే శుద్ధి కావాలె. బయటికి వచ్చే నీళ్లల్ల మందుల శాతం ఎంతో నెలనెలా గ్రామపంచాయతీ బోర్డు మీద రాయాలె. ఇక్కడి రైతు, మూసీ కింది రైతు ఒక్క జాగల కూసోని మాట్లాడుకోవాలె. మన వాగు బాగుపడాలె గని, పక్కోని వాగు ఖరాబు చేసి కాదు.